రెండున్నర చుట్ల చెవికి నాలుగు హద్దులు

బాపట్ల,
ఫిబ్రవరి 3.

పెదనాన్న గారికి, వంగడానికి పొట్ట అడ్డమొస్తున్నా వంగినట్టే భావించమని మనవి చేస్తూ వీణ నమస్కరించి రాసేది.

మీరు రేపల్లె బస్సులో పంపిన గేదె తల క్షేమంగా చేరిందండి. ఏడాదిపాటు దొడ్లో పాతిపెట్టి, ఎముక తెల్లబడ్డాక కడిగి, ఎండబెట్టి మరీ పంపారు. మా గైడు గారు ఇంత శుభ్రమైన తల ఈ మధ్య చూడలేదన్నారు. బస్టాండులో సుమంత్ గోనెసంచి మూతి విప్పి చూసుకుంటుంటే, పార్సిల్ ఇచ్చినాయన మాత్రం మా ఆయన ముఖం వంక అదోలా చూశాడట.

నా పరిశోధన ఏంటని అడిగారు. పాలిచ్చే జంతువులన్నిటికీ చెవి లోపల, బాగా గట్టి ఎముక మధ్యలో, సన్నటి గొట్టం ఒకటి ఉంటుందండి. వినడం అక్కడే. దాన్ని అంటిపెట్టుకుని మూడు వలయాలు ఉంటాయి, అవి మనం తూలిపడకుండా చూస్తాయి. బల్లికీ తొండకీ ఆ గొట్టం పొట్టిగా, ఇంచుమించు తిన్నగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో గుడ్లు పెట్టి పాలిచ్చే జంతువుకి కాస్త వంగి ఆగిపోయింది. మిగతా వాటికి కోట్ల ఏళ్లలో నత్తగుల్లలాగా చుట్టుకుంది. మనిషికి రెండున్నర చుట్లు, గేదెకి మూడున్నర. ఎలా చుట్టుకుంది, ఎందుకు చుట్టుకుంది అన్నదే నా థీసిస్.

మేక, పందికొక్కు, గబ్బిలం, గేదె అన్నీ కుదిరాయి. డెబ్భై దాటిన మనిషి లోపలి చెవి ఒక్కటుంటే బాగుండేదని గైడు గారు అంటున్నారు. అదెక్కడ దొరుకుతుందిలెండి. మార్చి 28 లోగా థీసిస్ ఇచ్చెయ్యాలి. ఏప్రిల్లో కాన్పు.

మార్చి 10న తెనాలిలో మీ ఆపరేషన్ ఉంది, అది మాత్రం దాటకూడదు. చెవి మిషను పెట్టుకున్నా వినపడని స్థితికొచ్చారు కాబట్టే, ఆ నత్తగుల్ల గొట్టంలోకి సన్నటి తీగ పంపి వినిపించేలా చేస్తానన్నారు డాక్టర్ ప్రేమ్ కుమార్ గారు. ఆలస్యమైతే వినికిడి నరం తన పని మర్చిపోతుందని నాతో కచ్చితంగా చెప్పారు.

మీ
వీణ

తా.క. ఫోను చేస్తే మీకు వినపడదు, వాట్సాప్ పెడితే మీరు చూడరు. ఈ రోజుల్లో నెలకు ఇన్ని కవర్లు కొనే మనిషిని నన్నొక్కదాన్నే చూశానంటున్నాడు మా పోస్టాఫీసాయన. ప్రేమలేఖలనుకుంటున్నాడో ఏమో.

---

రేపల్లె,
ఫిబ్రవరి 7.

చిరంజీవి వీణకు, పెదనాన్న బ్రహ్మానందం దీవించి, కళ్లజోడు తుడుచుకుని రాసేది.

ఇక్కడ కుశలమే. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గేదెకి మూడున్నర చుట్లు, మనిషికి రెండున్నర అన్నావు. ఇరవై రెండేళ్లు సొసైటీ ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి, నాకంటే మా గేదెకి ఒక చుట్టు ఎక్కువా? ఆ గేదె బతికున్నన్నాళ్లూ పిలిస్తే తిరిగి చూసిన పాపాన పోలేదు. మళ్లీ ఒకసారి కొలిచి చూడు.

ఇక అసలు సంగతి. డెబ్భై దాటిన మనిషి చెవి కావాలన్నావు. అడగలేక అడిగావు, నాకు తెలుసు. నాకు డెబ్భై నాలుగు. నా తదనంతరం కుడి చెవి నీదే. మన ఇంట్లో అడిగినవాళ్లకి లేదనడం ఎప్పుడూ లేదు, ఇప్పుడు నా దగ్గర మొదలవ్వకూడదు.

అయితే ఒక చిక్కుంది. ఆ డాక్టరు కుడి చెవి వెనకే ఎముక తొలిచి తీగ దూరుస్తాడట. తొలిచిన ఎముక నీకెందుకు పనికొస్తుంది? చిల్లుకుండ దానం చేసినట్టుంటుంది. అందుకని ఆపరేషన్ సంగతి ఆలోచనలో పెట్టాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఈ సంగతి మీ పెద్దమ్మ చంద్రకళకి చెప్పాను. చాలాసేపు ఏదో అంది. పెదాలు కదిలిన తీరును బట్టి మెచ్చుకుంటున్నట్టే ఉంది.

---

బాపట్ల,
ఫిబ్రవరి 11.

పెదనాన్న గారికి వీణ నమస్కారాలు.

అయ్యో, అంత పెద్ద మాట ఎందుకండి. నేనేదో మాటవరసకు రాశాను. మీ చెవి నాకు వద్దండి. కుడిది వద్దు, ఎడమది వద్దు. మీరు చల్లగా ఉంటే చాలు. నాకోసం ఆపరేషన్ ఆలోచనలో పెట్టడం అసలే వద్దు. మనిషి చెవి లేకపోయినా థీసిస్ ఆగిపోదు. ఒక అధ్యాయం కాస్త బక్కగా ఉంటుంది, అంతే.

గేదెది మళ్లీ కొలిచాను. మూడున్నరే వచ్చిందండి. చుట్లు ఎక్కువైతే తెలివెక్కువని కాదు, ఏ జంతువు అవసరం దానిది. మీరు మనసులో పెట్టుకోకండి.

మీ
వీణ

తా.క. పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆ రోజు ఆవిడ మెచ్చుకోలేదట.

---

రేపల్లె,
ఫిబ్రవరి 15.

పెద్దింటి మర్యాద తెలిసిన వీణకు, పెదనాన్న ముచ్చటపడి దీవించి రాసేది.

నీ ఉత్తరం చూసి కడుపు నిండింది. ఈ కాలం పిల్లలకి మొహమాటం అంటే ఏంటో తెలియదనుకున్నాను. మన వైపు విస్తరి ముందు కూర్చున్న మనిషి నెయ్యి వద్దంటూ చెయ్యి అడ్డం పెడతాడు. వడ్డించేవాడు ఆ వేళ్ల సందుల్లోంచి పోస్తాడు. తినేవాడు అప్పుడు గాని చెయ్యి తియ్యడు. మూడుసార్లు వద్దంటే గాని కావాలన్నట్టు కాదు, మూడుసార్లు బలవంతపెడితే గాని పెట్టినట్టూ కాదు. నువ్వు ఒక్క ఉత్తరంలో నాలుగుసార్లు వద్దన్నావు. వేలు పెట్టి లెక్కపెట్టాను.

నాలుగుసార్లంటే ఒక చెవి చాలక, రెండోది అడగలేకపోతున్నావని అర్థమైంది. రెండూ తీసుకో. ఆ అధ్యాయం బక్కగా ఉండటానికి వీల్లేదు. నేను బతికుండగా మన పిల్ల పుస్తకంలో వెలితి ఉందని ఎవరూ అనకూడదు.

ఎముక చెడకుండా డాక్టరుకు కార్డు రాసేశాను, మార్చి 10 ఇంకెవరికైనా ఇచ్చుకోమని. పోస్టు చెయ్యమని మీ పెద్దమ్మ చేతికిచ్చాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క. గేదె సంగతి మనసులో పెట్టుకోలేదు. కాని మూడున్నర అన్నది థీసిస్‌లో చిన్న అక్షరాల్లో రాయి.

---

బాపట్ల,
ఫిబ్రవరి 19.

పెదనాన్న గారికి, వీణ నమస్కరించి, కొంచెం కోపంతో రాసేది.

ఇది మొహమాటం కాదండి. మీ చెవులు నాకు నిజంగా వద్దు. తాటికాయంత అక్షరాలతో రాయమంటే అలాగే రాస్తాను.

పెద్దమ్మ ఫోన్లో ఏడ్చింది. రైల్వే గేటు దగ్గర వెనకనుంచి ట్రాక్టరు హారన్ కొడుతున్నా మీకు వినపడక, చివరికి ఎవరో చొక్కా పట్టుకుని లాగితే బతికారట. నాకు ఆ సంగతి మీరు రాయలేదు. ఆవిడ పొద్దస్తమానం అరిచి అరిచి గొంతు పోయిందట. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులుండి, ఒకరికి చెవి, ఇంకొకరికి గొంతు లేకపోతే ఎలాగండి?

నేను బస్సెక్కకూడదన్నారు. లేకపోతే ఈపాటికి వచ్చి మీ ఎదురుగా కూర్చునేదాన్ని. డాక్టరు గారికి వెంటనే ఇంకో కార్డు రాయండి, వస్తున్నానని. ఈ అవకాశం పోతే మళ్లీ ఆర్నెల్లదాకా వంతు రాదు. అప్పటికి తీగ వేసినా ప్రయోజనం సగమే అంటున్నారు.

మీ
వీణ

తా.క. ఈ ఉత్తరంలో ఆ మాట ఒక్కసారే వాడాను. కావాలంటే వేలు పెట్టి లెక్కపెట్టుకోండి.

---

రేపల్లె,
ఫిబ్రవరి 24.

అలిగిన వీణకు, పెదనాన్న అలక తీర్చే పత్రంతో సహా దీవించి రాసేది.

ఒక్కసారే అన్నావంటే కోపమొచ్చిందన్న మాట. ఎందుకొచ్చిందా అని రెండు రోజులు ఆలోచించాను. తప్పు నాదే. ఉత్తరంలో ఇస్తానన్న మాటకి విలువేముంది? రేపు నేను పోయాక, మా చెవులు మాకు కావాలని ఎవరైనా అడ్డం తిరిగితే నీ దగ్గర కాగితమేది? అందుకని శుక్రవారం రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి విల్లు రాయించాను. సాక్షులిద్దరు, వేలిముద్రలు, అన్నీ పద్ధతిగా జరిగాయి. నకలు ఈ కవర్లో పెట్టాను.

డాక్యుమెంటు రాసేవాడు హద్దులు చెప్పమని కాగితం మీద రాసి చూపించాడు. చెవికి హద్దులేంటయ్యా అన్నాను. నాలుగు హద్దులు లేకుండా దస్తావేజు రాసి మా వంశంలో అలవాటు లేదండి అని రాశాడు. సరే, నేను తూర్పు ముఖంగా కూర్చున్నట్టు భావించి కుడి చెవికి రాయించాను. తూర్పు: కణత. పడమర: వెనక తల. దక్షిణం: ఖాళీ స్థలం. ఉత్తరం: మెదడు. ఎడమ చెవికి ఉత్తర దక్షిణాలు తారుమారు.

ఇంకో మంచి కబురు. నా జాతకంలో ఈ ఫాల్గుణ మాసంలో పెద్ద గండం ఉందట. ఫాల్గుణం మార్చి 29తో సరి. నీ గడువు 28. భగవంతుడు కూడా నీ థీసిస్ వైపే ఉన్నట్టున్నాడు. నేను పోయిన వెంటనే బాపట్లకు కబురు చెయ్యాలని విల్లులోనే రాయించాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఉత్తరం హద్దు ఖాళీగా ఉందా, అందులో ఎవరైనా ఉంటున్నారా అని మీ పెద్దమ్మ అడిగిందట. సాక్షి నవ్వుకుంటూ రాసి చూపించాడు. నాకు నవ్వు రాలేదు.

---

బాపట్ల,
ఫిబ్రవరి 27.

పెదనాన్న గారికి, సదరు రెండు చెవుల హక్కుదారు వీణ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం చదివి ఆ రోజంతా అన్నం తినలేదు. సుమంత్ ఆ హద్దులు చదివి నవ్వబోయి, నా ముఖం చూసి కాగితం మడిచి లోపల పెట్టేశాడు.

ఇక మీతో వాదించను. పుచ్చుకున్నానండి. కుడిదీ నాదే, ఎడమదీ నాదే. చెయ్యి తీసేశాను, నెయ్యి పొయ్యండి.

కాబట్టి ఇప్పుడు సొంతదారు మాట వినండి. నా ఆస్తి పాడైపోతుంటే మీరు చూస్తూ ఊరుకున్నారు. దానికి మార్చి 10న తెనాలిలో మరమ్మతు చేయిస్తున్నాను. తీగ వేసేముందు లోపల స్కాన్ తీస్తారు. అందులో గొట్టమూ, మూడు వలయాలూ కొలుచుకునేంత స్పష్టంగా కనిపిస్తాయి. గైడు గారిని అడిగాను. మీరు ఒప్పుకుంటూ సంతకం పెడితే ఆ బొమ్మలే చాలన్నారు. అంటే నాకు మీ ఎముక అక్కర్లేదు, మీరు పోనూ అక్కర్లేదు. బల్ల మీద పావుగంట కదలకుండా పడుకుంటే నా అధ్యాయం నిండుతుంది.

నాకు భయంగా ఉంది పెదనాన్నా. కడుపులో బిడ్డకి ఐదో నెలకే లోపలి చెవి పెద్దవాళ్లంత అయిపోతుంది. ఇప్పుడు నేను మాట్లాడితే లోపల కదులుతుంది. ఇంకా పుట్టని మనిషికి నా మాట వినపడుతోంది, నన్ను భుజాన మోసిన మీకు వినపడటం లేదు.

మీ
వీణ

తా.క. పెళ్లికి ముహూర్తం చూసుకున్నవాళ్లని చూశాను. ఇంకొకరి థీసిస్ గడువు చూసి చావుకి ముహూర్తం పెట్టుకున్నవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాను.

---

రేపల్లె,
మార్చి 4.

వీణకు పెదనాన్న దీవించి, చట్టం తెలియజేస్తూ రాసేది.

బీయస్సీ, ఎమ్మెస్సీ చదివావు గాని దస్తావేజుల సంగతి నీకు తెలియదు. విల్లు అనేది రాసినవాడు పోయాకే అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా ఆ చెవుల మీద సర్వహక్కులూ నావే. ఇప్పుడే హక్కు రావాలంటే అది గిఫ్ట్ డీడ్ అవ్వాలి. గిఫ్ట్ డీడ్‌కి స్వాధీనం చెయ్యాలి. నా తల నా మెడ మీద ఉండగా చెవులు నీకెలా స్వాధీనం చేస్తాను? డాక్యుమెంటు రాసేవాణ్ణి కూడా అడిగాను. అతను కలం కింద పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

స్కాన్ సంగతంటావా, బొమ్మ బొమ్మే, ఎముక ఎముకే. మన పక్కనున్న నగరం ఊళ్లో పొలం కొనేటప్పుడు ఫోటో చూసి కొన్నామా? గట్టు మీద నడిచి చూసుకున్నాం. పరిశోధన చేసేదానివి, నువ్వే ఇలా సర్దుకుపోతే ఎలా? నీ మంచికోరి చెబుతున్నాను, ఆపరేషన్ లేదు.

ఈ ఉత్తరం వరండాలో కూర్చుని రాస్తున్నాను. చల్లగా, హాయిగా ఉంది.

ఇట్లు,
పెదనాన్న

తా.క. మరమ్మతు అన్న మాట నాకు నచ్చలేదు. నేనేమన్నా మోటారు పంపునా?

---

బాపట్ల,
మార్చి 8.

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. మంగళవారం రాత్రి నుంచి పెద్దమ్మ ఫోన్ ఎత్తడం లేదు. రెండు రోజులు మోగి మోగి ఆగిపోయింది. నిన్నటి నుంచి స్విచాఫ్ వస్తోంది. ఆవిడ రోజుకు రెండుసార్లు నాకు చెయ్యకుండా ఉండదు. మీకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. పక్కింటి జయలక్ష్మి గారి నంబరు నా దగ్గర లేదు.

మీ గండం ముచ్చట నేను నమ్మలేదు. ఇప్పుడు మాత్రం పంచాంగం కనిపించినా భయమేస్తోంది. నేను తప్పు చేశాను. అసలు ఆ ఒక్క వాక్యం, డెబ్భై దాటిన మనిషి చెవి అన్న వాక్యం, రాయకుండా ఉండాల్సింది. థీసిస్ పోతే పోయింది. మీరిద్దరూ ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయండి.

ఈ ఉత్తరం సుమంత్ చేతికిచ్చి రేపు పొద్దున్నే పంపుతున్నాను.

వీణ

---

తెనాలి,
మార్చి 9, ఆదివారం సాయంత్రం.

అమ్మా వీణా,

దీవెనలు తర్వాత రాస్తాను. మేమిద్దరం బతికే ఉన్నాం. తెనాలి ఆసుపత్రిలో ఉన్నాం. సుమంత్ రేపల్లె వెళ్లి, జయలక్ష్మి చెబితే ఇక్కడికి వచ్చాడు. నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. పెద్దమ్మ ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. నిండు నెలల పిల్ల, కంగారు పడుతుందని నీకు ఎవరూ చెప్పొద్దని ఆవిడే అందరి దగ్గరా మాట తీసుకుంది.

మంగళవారం పొద్దున నేను వరండాలో కూర్చుని నీకు విల్లు, గిఫ్ట్ డీడ్ అంటూ రాసి మురిసిపోతున్నాను. అదే సమయంలో మీ పెద్దమ్మ వెనకవైపు బాత్‌రూములో జారిపడింది. చెయ్యి విరిగింది. లేవలేక నన్ను పిలిచింది. నలభై నిమిషాలు పిలిచిందమ్మా. అసలే బొంగురుపోయిన గొంతు. గోడ అవతల ఉన్న జయలక్ష్మికి వినపడింది, ఇంట్లో ఉన్న నాకు వినపడలేదు. జయలక్ష్మి నా పక్కనుంచే లోపలికి పరుగెత్తింది. పంచదారకి వచ్చిందేమో అనుకుని నేను తల కూడా ఎత్తలేదు. తా.క. రాస్తున్నాను.

కట్టు కట్టించడానికి ఇక్కడికి తీసుకొచ్చాం. వరండాలో వదిలేసిన ఆ ఉత్తరాన్ని ఎవరో పోస్టు చేశారు. రాత్రికి ఆవిడ నిద్రపోయాక నీకు నిజం రాయాలనిపించింది గాని చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నీది మొహమాటం కాదని నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. జాతకం జనవరిలోనే చూపించుకున్నాను. గండం ఫాల్గుణంలో అన్నారు, ఆపరేషన్ కూడా ఫాల్గుణంలోనే పడింది. బల్ల మీదే పోతానని భయమేసింది. సొసైటీ మీటింగుల్లో బల్ల గుద్ది మాట్లాడినవాణ్ణి, కత్తికి భయపడుతున్నానని ఎవరితో చెప్పుకోను? నీ థీసిస్ దొరికింది, దాన్ని అడ్డం పెట్టుకున్నాను. చెవులు ఇస్తానన్నది మాత్రం అబద్ధం కాదు.

మర్నాడు డాక్టర్ ప్రేమ్ కుమార్ దగ్గరికి వెళ్లి, సిగ్గు విడిచి, పదో తారీఖు ఎవరికైనా ఇచ్చేశారా అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూసి, మీ పేరే ఉంది కదండి అని రాశాడు. నా కార్డు ఆయనకు చేరనే లేదు. మీ పెద్దమ్మ దాన్ని పోస్టు చెయ్యకుండా కందిపప్పు డబ్బాలో దాచిందట.

స్కాన్ నిన్న తీశారు. సంతకం పెట్టాను. సీడీ సుమంత్ చేతికిచ్చి పంపుతున్నాను, నీ అధ్యాయం నింపుకో. రెండున్నర చుట్లకు కాస్త పైనే ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ కాస్త ఎంతో కచ్చితంగా కొలిచి రాయి.

రేపు పొద్దున ఏడింటికి లోపలికి తీసుకెళ్తారు. భయం పోలేదమ్మా. గండం గండంలాగే ఉంది. అయినా వెళ్తున్నాను.

నీకు సుఖంగా కాన్పు జరగాలని, పుట్టేవాళ్లు ఎవరైనా నాలాగా కాకుండా నీలాగా ఉండాలని దీవిస్తూ,

పెదనాన్న

తా.క. విల్లు రద్దు చెయ్యాలంటే మళ్లీ నాలుగు హద్దులూ రాయాలట. ఇప్పుడు మధ్యలో తీగ కూడా వేస్తున్నారు కాబట్టి, కరెంటు వాళ్ల అనుమతి కావాలేమోనని, నిన్న మమ్మల్ని చూడ్డానికి వచ్చిన డాక్యుమెంటు రాసేవాడు అనుమానపడుతున్నాడు.

ఇంకో తా.క. తీగకి యంత్రం తగిలించి మోగించడం మూడు వారాల తర్వాతట. ఆ రోజు నువ్వు తప్పకుండా ఫోన్ చెయ్యి. కాని తొందరపడి పొద్దున్నే చెయ్యకు. ముందు మీ పెద్దమ్మ పక్క గదిలోకి వెళ్లి "ఏమండీ" అని పిలుస్తానంది. మంగళవారం నాటి పిలుపుకి నేనింకా పలకలేదు.